ధిషణాహంకారం: అవధాన సభల్లో ఒక మాట బ్రతుకు

తన శక్తి మీద తనకు గల నమ్మకాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదువ లేదు. ధైర్యం, ధీమా, నిబ్బరం, భరోసా అనేవి మెచ్చుకోలుగా వినిపిస్తే, పొగరు, గీర, టెక్కు, మిడిసిపాటు అనేవి అదే నమ్మకం హద్దు మీరిందని తోచినప్పుడు లోకం వేసే నింద. ఈ రెండు వరుసలకూ నడుమ పండితులు తమ కోసం ఒక సమాసాన్ని నిలుపుకున్నారు, అది ధిషణాహంకారం. నిందను సూచించే అహంకార శబ్దాన్ని తనలో ఇముడ్చుకొని కూడా ఈ మాట ప్రశంసగా చెల్లుబాటు కావడం, పైగా ఒక కవి తన గురించి తానే అలా చెప్పుకున్నా సభ నొచ్చుకోకుండా వినడం తెలుగు సాహిత్య చరిత్రలో విచారించదగిన విషయం. ఆ చెల్లుబాటుకు కారణం నిఘంటువులో దొరకదు. ఆ మాటను పెంచి పోషించిన ఆచారంలో, అంటే పదిమంది ఎదుట అడిగినదానికి అడిగిన చోటనే పద్యం చెప్పి తీరవలసిన అవధాన సంప్రదాయంలో, దాన్ని వెదకవలసి ఉంటుంది.

ధిషణ అంటే బుద్ధి. అమరకోశం బుద్ధికి చెప్పిన పర్యాయపదాలలో మనీష, ప్రజ్ఞ, శేముషి, మతి మొదలైన వాటితో పాటు ధిషణ కూడా ఉంది. దేవగురువైన బృహస్పతికి ధిషణుడని పేరు. ఇక అహంకార శబ్దానికి శాస్త్రంలో ఒక బ్రతుకు, వాడుకలో మరొక బ్రతుకు ఉన్నాయి. సాంఖ్య దర్శనం సృష్టిక్రమాన్ని చెబుతూ ప్రకృతి నుండి మహత్తు అనబడే బుద్ధీ, ఆ బుద్ధి నుండి అహంకారమూ, అహంకారం నుండి ఇంద్రియాలూ తన్మాత్రలూ పుడతాయని లెక్క కట్టింది; అక్కడ అహంకారం ‘నేను’ అనే ఎరుకను కలిగించే తత్త్వం, దానికి మంచిచెడ్డల అంటు లేదు. తెలుగువాడు ఇంట్లోనూ బజారులోనూ అహంకారి అన్నప్పుడు మాత్రం ఎదుటివాణ్ణి లెక్కచేయని మనిషిని గురించే చెబుతున్నాడు. ధిషణాహంకారం అనే సమాసంలో ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. బుద్ధి వల్ల కలిగినదీ, బుద్ధి ఉన్నంతమేరకే నిలిచేదీ అయిన అహంకారం అని దీన్ని విడదీసుకుంటే, ధనం వల్లనో కులం వల్లనో కొలువులోని హోదా వల్లనో వచ్చే గర్వానికి ఇందులో చోటు లేదని తెలుస్తుంది.

నిబ్బరం అనే మాట నడిచిన దారి కూడా ఇక్కడ గమనించదగినది. ఇది సంస్కృతంలోని నిర్భర శబ్దానికి వికృతి, అంటే తెలుగు నోట మారిన రూపం. మూలంలో దానికి నిండుదనం, అతిశయం అని అర్థం. తెలుగులో అది చలించని గుండె నిలకడకు పేరైంది, గుండె నిబ్బరం అనే జంటపదంగా స్థిరపడింది. నిండుదనం నిలకడగా ఎలా మారిందో అవధానిని చూస్తే అర్థమవుతుంది. ఛందస్సూ వ్యాకరణమూ పురాణాలూ కావ్యాలూ జ్ఞాపకంలో నిండి ఉన్నవాడికే సభలో గుండె నిలుస్తుంది, ఆ సరుకు వెలితి పడ్డ రోజున ఎంతటి వాచాలుడికైనా గొంతు తడబడుతుంది.

కవి తన్ను తాను పొగడుకోవడం అవధానం కంటే చాలా పాత ఆచారం. అయితే రాజాస్థానాలలో ఆ పొగడ్తకు ఎప్పుడూ ఒక పందెం తోడుగా ఉండేది. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతడు తన విజయాలను చాటుకొనే కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకం, అంటే బంగారు నాణేలతో తలంటినట్టు చేసే సత్కారం, పొందాడని సాహిత్య సంప్రదాయం గట్టిగా నమ్ముతుంది. ఆ కథలో ఢక్కకు ఉన్న ప్రాధాన్యం ఊరకే వచ్చింది కాదు. ఢక్క మోగించుకొనే హక్కు పాండిత్యం ఇచ్చింది, ఆ పాండిత్యం ఓడిన క్షణాన ఆ హక్కు కూడా పోయింది, వాయిద్యమే ముక్కలైంది. పెద్దన గండపెండేరం కథ కూడా ఇటువంటిదే. గండపెండేరం అంటే శూరుడికో కవికో కాలికి తొడిగే గౌరవాభరణం. సంస్కృతాంధ్రాలు రెంటిలోనూ సమానంగా కవిత్వం చెప్పగలవారు దాన్ని తీసుకోవచ్చునని కృష్ణదేవరాయలు పళ్లెంలో పెట్టించగా, పెద్దన లేచి అప్పటికప్పుడు ఉత్పలమాలికను, అంటే నాలుగు పాదాలతో ఆగకుండా సాగిపోయే ఉత్పలమాల వృత్తాన్ని, చెప్పి దాన్ని కాలికి తొడిగించుకున్నాడని చెబుతారు. కథల వివరాలలో కల్పన ఎంత ఉన్నా, తెలుగువారు ఏ రకమైన ఆత్మవిశ్వాసాన్ని మెచ్చుకున్నారో వీటి వల్ల స్పష్టంగా తెలుస్తుంది.

మెతుకు సీమలోని కొలిచెలమ, అంటే నేటి మెదక్ ప్రాంతపు కొల్చారం, పేరుతో ప్రసిద్ధమైన పండిత వంశంలో ఇందుకు మరింత పాత ఆధారం ఉంది. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి తాతగారి పేరు కూడా మల్లినాథుడే. ఆయన శతావధానిగా ప్రసిద్ధుడై వీరరుద్రుని చేత, అంటే కాకతీయ ప్రతాపరుద్రుని చేత, బంగారంతో అభిషిక్తుడయ్యాడని ఆ వంశంలోని తర్వాతి తరం పండితుడు రాసుకున్నాడు. ఆనాటి శతావధానం నేటి రూపంలోనే ఉండేదని అనుకోనక్కరలేదు గాని, ఒకేసారి అనేక విషయాల మీద చిత్తం నిలిపే విద్యకు రాజసభలో అంతటి విలువ ఉండేదనడానికి ఆ మాట చాలు.

తెలుగు గడ్డ నుండి వెళ్లి షాజహాన్ కొలువులో పండితరాజ బిరుదు పొందిన జగన్నాథుడి సంగతి వేరుగా చెప్పుకోవాలి. గోదావరి తీరంలోని ముంగండ అగ్రహారానికి చెందిన ఈ వేలనాటి పండితుడు రసగంగాధరమనే అలంకారశాస్త్ర గ్రంథాన్ని మొదలుపెడుతూ, ఇందులో ఉదాహరణలుగా ఇచ్చే పద్యాలన్నీ తాను కొత్తగా కట్టినవే గాని పరులవి ఒక్కటీ లేవని ప్రకటించాడు. కస్తూరిని పుట్టించగల మృగం పూల వాసనను మనసులోనైనా తలుస్తుందా అని కూడా అడిగాడు. గర్వోక్తిగా దీన్ని ఎత్తిచూపేవారు అందులో దాగిన కష్టాన్ని తరచుగా మరచిపోతారు. శాస్త్రకారులు సూత్రానికి లక్ష్యంగా పూర్వకవుల పద్యాలను తెచ్చుకోవడం ఆనవాయితీ కాగా, జగన్నాథుడు ప్రతి అలంకారానికీ తగిన పద్యాన్ని తానే రాయవలసిన బాధ్యతను ఆ ఒక్క వాక్యంతో నెత్తిన వేసుకున్నాడు, గ్రంథం పొడుగునా దాన్ని నెరవేర్చాడు. ధిషణాహంకారానికి ఇంతకంటే చక్కని నిర్వచనం దొరకడం కష్టం. అందులో ఒక చాటింపు ఉంటుంది, ఆ చాటింపుకు చెప్పినవాడే పూచీ పడతాడు.

ఈ పూచీని ఒక క్రమంలో పెట్టి, నియమాలు కట్టి, సాయంత్రం మొదలై రాత్రికి తేలిపోయే పరీక్షగా మలచింది అష్టావధానం. అవధానం అంటే చిత్తాన్ని నిలపడం. అవధాని ఎదుట ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవారు, కూర్చుంటారు. అర్థం పొసగనట్టు కనిపించే ఒక పాదాన్ని ఇచ్చి దాన్ని పొసగించమనేది సమస్య; సంబంధం లేని నాలుగు పదాలు ఇచ్చి వాటిని ఇరికిస్తూ కోరిన విషయం మీద పద్యం చెప్పమనేది దత్తపది; కోరిన దృశ్యాన్ని కోరిన వృత్తంలో చెప్పమనేది వర్ణన. ఒకరు మధ్యమధ్యలో గంట కొడుతుంటే ఆ దెబ్బల సంఖ్య మనసులో ఉంచుకోవాలి, మరొకరు సభకు సంబంధం లేని కబుర్లతో ఏకాగ్రత చెడగొట్టే అప్రస్తుత ప్రసంగం చేస్తుంటే చమత్కారంగా బదులు చెప్పాలి. పద్యం ఒకేసారి పూర్తి కాదు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున నాలుగు చుట్లు తిరిగి రావాలి. అంటే ఒకరి పద్యంలో మొదటి పాదానికీ రెండవ పాదానికీ నడుమ మిగిలినవారి వృత్తాలూ ప్రాసలూ అన్నీ అవధాని మనసులో మసలుతూ ఉంటాయి.

వీటన్నిటిలో నిషిద్ధాక్షరి అవధాని నిబ్బరాన్ని దగ్గర నుండి చూపిస్తుంది. ఇందులో అవధాని ఒక్కొక్క అక్షరమే చెబుతాడు. చెప్పిన ప్రతి అక్షరం తర్వాత రాబోయే అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. విష్ణుస్తుతిని శార్దూల వృత్తంలో అడిగారనుకుంటే, ఆ వృత్తం మగణంతో మొదలవుతుంది కనుక తొలి మూడక్షరాలూ గురువులే కావాలన్న ఇరుకు ముందే ఉంది. అవధాని ‘శ్రీ’ అనగానే శ్రీనాథుడు వస్తాడని పసిగట్టి పృచ్ఛకుడు నకారాన్ని నిషేధిస్తాడు. అవధాని ‘జా’ అంటాడు. లక్ష్మి భార్యగా గలవాడనే అర్థంలో శ్రీజాని అనబోతున్నాడని పృచ్ఛకుడు మళ్లీ నకారాన్నే కాదంటాడు. అవధాని ‘యా’ అని అదే అర్థాన్ని జాయా శబ్దం వైపు తిప్పుతాడు. శ్రీజాయాపతి రాకుండా పృచ్ఛకుడు పకారాన్ని అడ్డగిస్తాడు. అప్పుడు ‘శ్రి’ వచ్చి, దాని వెంట తకారం చేరి, శ్రీజాయాశ్రితవక్షుడు, అంటే లక్ష్మి అనే ఇల్లాలు ఆశ్రయించిన వక్షఃస్థలం గలవాడనే సమాసం నిలబడుతుంది. ‘శ్రి’ లఘువు కావడం, నాలుగవ స్థానంలో వృత్తానికి కావలసింది లఘువే కావడం కూడా కుదిరి తీరాలి. పృచ్ఛకుడు మూసిన ప్రతి దారి పక్కన మరొక దారి ఉండి తీరుతుందన్న నమ్మకం లేనివాడు రెండవ అక్షరం దగ్గరే ఆగిపోతాడు. ఆ నమ్మకం ధైర్యం వల్ల పుట్టదు. ఒకే అర్థానికి పది శబ్దాలు తెలిసి ఉండడం వల్ల పుడుతుంది.

చివరకు వచ్చేది ధారణ. నాలుగు ఆవృత్తులూ ముగిశాక, కాగితం ముట్టకుండా, ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ వరుసగా, పూర్తిగా అప్పగించాలి. శతావధానంలో పృచ్ఛకులు నూరుమంది, పాదాలు నాలుగు వందలు, సభ కొన్ని రోజుల పాటు సాగుతుంది. కవిత్వపు విలువను ఎన్ని విధాలుగానైనా వాదించవచ్చును గాని, ధారణలో వాదానికి తావు లేదు. పాదం గుర్తుకు వచ్చిందో లేదో సభలోని బాలుడికి కూడా తెలిసిపోతుంది. తెలుగువారు అవధాని గర్వాన్ని సహించడానికి, సహించడమేమిటి, ముచ్చటగా చూడడానికి ఇదే ముఖ్యమైన కారణమై ఉండాలి.

ఈ విద్యను ఊరూరా తిప్పి జనానికి వ్యసనంగా చేసిన కీర్తి తిరుపతి వేంకట కవులది. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద వ్యాకరణం చదువుకున్న సహాధ్యాయులు. వారికంటే ముందు నూజివీడు ఆస్థానంతో సంబంధం ఉన్న మాడభూషి వేంకటాచార్యులు అవధానానికి పేరు తెచ్చినవారిలో ప్రముఖులు. జంటగా అవధానం చేయడం, ఒకరు ఎత్తుకున్న పద్యాన్ని మరొకరు అందుకోవడం ఈ ఇద్దరి వల్ల ఒక రివాజుగా మారింది. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి, వేంకటగిరి, పిఠాపురం వంటి సంస్థానాలలో వారు చెప్పిన పద్యాలు నానారాజసందర్శనం అనే సంపుటంగా వచ్చాయి. సంస్థానాల ఆదరణకు కూడా ఒక పద్ధతి ఉండేది. పరీక్ష జరిగాక శాలువా, నూటపదహార్లు లేదా వెయ్యినూటపదహార్లు ఇవ్వడం ఒకటైతే, యోగ్యుడని తేలినవాడికి ఏటేటా ముట్టే వార్షికాన్ని, అంటే సంవత్సరానికొకసారి ఇచ్చే నిర్ణీత సంభావనను, ఏర్పరచడం మరొకటి.

ఈ జంటకవులు పెంచిన మీసాలు తెలుగు సాహిత్యంలో ఒక అధ్యాయమంతటి ప్రసిద్ధిని పొందాయి. వైదిక విద్య చదివిన బ్రాహ్మణులు మీసం పెంచడం ఆనాటి ఆచారానికి విరుద్ధం. అది తప్పని తెలిసే పెంచామనీ, సంస్కృతాంధ్రాలు రెంటిలోనూ తామే కవీంద్రులమని చెప్పడానికే ఈ మీసమనీ, తమను గెలిచే కవి ఎవరైనా ఉంటే ఆ మీసం తీసి మొక్కుతామనీ వారు పద్యంలో సవాలు విసిరారు. ఏనుగులెక్కిన వైనాన్నీ, రాజులు గౌరవించిన తీరునూ మరొక చోట ఏకరువు పెట్టారు. వీటిని ఒట్టి ప్రగల్భాలుగా చదివితే అర్థం సగమే దక్కుతుంది. మీసం వారి ముఖం మీద నలుగురికీ కనిపించే పందెం. ఓడితే ఎవరూ వచ్చి గుర్తు చేయనక్కరలేదు, తీసిన మీసమే చెబుతుంది. శ్రీనాథుడి కథలో డిండిముడి ఢక్కకు ఉన్న స్థానం ఇక్కడ మీసానికి దక్కింది.

అయితే ఈ సంప్రదాయం మచ్చ లేనిదని చెప్పడం సత్యానికి అన్యాయం. నరసరావుపేట ప్రాంతపు కొప్పరం నుండి వచ్చిన కొప్పరపు సోదర కవులు, వేంకట సుబ్బరాయకవి (1885–1932), వేంకట రమణకవి (1887–1942), గంటల వ్యవధిలో వందల పద్యాలను ఆశువుగా, అంటే ముందు ఆలోచన లేకుండా ధారగా, చెప్పగలవారని పేరు పొందారు. వారికీ తిరుపతి వేంకట కవులకూ, అలాగే పిఠాపురపు వేంకట రామకృష్ణ కవులకూ తిరుపతి వేంకట కవులకూ నడిచిన వివాదాలు సభల నుండి పత్రికలకూ పుస్తకాలకూ పాకాయి. పేరులోనే గీర అనే మాట వినిపించే గీరతం అటువంటి వాదంలో పుట్టిన పుస్తకం. వేగం గొప్పదా, ప్రౌఢి గొప్పదా, ధారణ గొప్పదా అనే ప్రశ్న నిజానికి విలువైనది. కాని ఆ వాదాలలో ఎదుటివారి ఊరూ శాఖా నడతా కూడా దూషణకు ఎక్కాయి. ధిషణాహంకారంలోని ధిషణ పక్కకు తప్పుకొని అహంకారం ఒక్కటే మిగిలిన సందర్భాలవి. అందులో కొన్ని పద్యాలు కవిత్వంగా నేటికీ చదివించేవే అయినా, వాటిని చదివేటప్పుడు కలిగే ఆనందంలో ఒక నలుసు తగులుతూనే ఉంటుంది. పృచ్ఛకుల ఎదుట క్షణాలలో తేలే గెలుపోటములు అచ్చులోకి వెళ్లాక ఏళ్ల తరబడి తేలలేదు, నిర్ణయించే సభ లేకపోవడమే అందుకు హేతువు.

ఇదే కాలంలో ఆ విద్య తెలుగునాడు దాటి కూడా తన నిబ్బరాన్ని చూపింది. బొబ్బిలి దగ్గరి కలువరాయిలో 1878లో పుట్టిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి 1900లో వంగదేశంలోని నవద్వీపానికి వెళ్లి, అక్కడి పండితుల సభలో సంస్కృతంలో ఆశుకవిత్వంతో పరీక్షకు నిలిచి కావ్యకంఠ బిరుదు పొందారు. తర్కానికి పేరుపొందిన నవద్వీపంలో ఒక తెలుగు యువకుడు పరీక్షకు నిలిచి నెగ్గాడన్న సంగతి ఆనాటి ఆంధ్ర పండితులకు ఎంతో ఉత్సాహాన్నిచ్చింది.

ధిషణాహంకారం అనే మాట సామాన్య పాఠకుడి చెవిన పడింది మాత్రం విశ్వనాథ సత్యనారాయణ పద్యం వల్ల. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్లపిళ్ల వద్ద చదువుకున్న విశ్వనాథ, శ్రీమద్రామాయణ కల్పవృక్షం అవతారికలో గురువును స్మరిస్తూ, తనవంటివాడు శిష్యుడైన భోగం నన్నయకూ లేదు, తిక్కనకూ లేదు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రికే దక్కిందన్నారు. ఆ పద్యంలో ధిషణాహంకారం ఒక దీర్ఘసమాసంలో భాగంగా వస్తుంది, దానికి విశేష్యం విశ్వనాథే. దీన్ని విని నొచ్చుకున్నవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. కాని పద్యం కట్టుబాటును చూస్తే కీర్తి చేరిన చోటు గురువు; శిష్యుడు తన్ను ఎంత ఎత్తుకు లేపుకుంటే గురువు కీర్తి అంత పెరిగేటట్టు వాక్యం నడిచింది. ఆరు కాండల కావ్యాన్ని ముందు పెట్టుకొని కవి ఆ మాట అన్నాడు. కావ్యం తేలిపోయి ఉంటే ఆ పద్యం పరిహాసానికి గురై ఉండేది. ఆ కావ్యానికే 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. అవధానాలతో ఊళ్లేలిన చెళ్లపిళ్ల మాత్రం 1920లో తిరుపతిశాస్త్రి పోయాక కూడా తన రచనలను జంటపేరుతోనే వెలువరించారు. మీసం పెంచి సవాలు చేసిన మనిషి తన ఒక్కడి పేరు వేసుకోవడానికి ముప్ఫై ఏళ్ల పాటు ఒప్పుకోకపోవడాన్ని పక్కన పెడితే వారి అహంకారం ఎటువంటిదో అర్థం కాదు.

1949లో మద్రాసు ప్రభుత్వం చెళ్లపిళ్లను ఆస్థానకవిగా నియమించేనాటికే ఆస్థానాలు అస్తమిస్తున్నాయి. జమీందారీలను రద్దు చేసే చట్టం మద్రాసు రాష్ట్రంలో 1948లో వచ్చింది. హైదరాబాదు రాజ్యంలో జాగీర్ల రద్దు 1949లో జరిగింది. వార్షికాలు ఆగాయి. వచన కవిత్వం బలపడ్డ సాహిత్యలోకంలో అవధానం కవిత్వమా, జ్ఞాపకశక్తి ప్రదర్శనా అనే సందేహం కూడా గట్టిగానే వినిపించింది. ఆ సందేహంలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే అవధాన పద్యాలలో కాలానికి నిలిచేవి కొద్ది. కాని ఆ విద్య ఆగలేదు. ప్రొద్దుటూరులో గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని జంటగా అవధానాలు చేశారు, విడివిడిగా శివభారతం, రాణాప్రతాపసింహ చరిత్ర వంటి కావ్యాలు కూడా రాశారు. ఆ తర్వాతి తరాలలో సి.వి. సుబ్బన్న, మేడసాని మోహన్, మాడుగుల నాగఫణి శర్మ, గరికిపాటి నరసింహారావు వంటివారు ఆకాశవాణి, టెలివిజన్ ద్వారా సభకు రాలేని ఇళ్లకు కూడా అవధానాన్ని చేర్చారు. కన్నడంలో శతావధాని గణేశ్ దీన్ని తిరిగి నిలబెట్టారు.

జమీందారు కూర్చున్న చోట ఇప్పుడు సాహిత్య సంఘాలూ దేవస్థానాలూ అమెరికాలోని తెలుగు సంఘాలూ కూర్చున్నాయి. ధిషణాహంకారం అనే మాట సన్మానపత్రాలలోకీ పరిచయ ప్రసంగాలలోకీ వెళ్లి, సభ మొదలు కాకముందే కవికి తగిలించే అలంకారంగా కొంత పలచబడింది. అయినా ఆవృత్తులు ముగిసి ధారణ మొదలయ్యే వేళకు పృచ్ఛకులు తమ కాగితాల మీద రాసుకున్న పాదాలను వేలితో వెంబడిస్తూనే ఉంటారు, ఎక్కడైనా ఒక పదం మారితే ఆ సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది.